యాగంటి మొక్కు, నెవార్క్ టికెట్

కోవిడ్ కారణంగా 2021 మే 4 నుంచి అమెరికా మన దేశపు సందర్శకులకు తలుపు మూసింది. అంతకుముందు పద్నాలుగు రోజుల్లో భారతదేశంలో ఉన్నవాళ్లు విజిటర్ వీసా మీద అక్కడ అడుగుపెట్టడానికి వీల్లేదని అధ్యక్షుడు బైడెన్ ప్రకటన. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. ఆగస్టులో చదువులు మొదలయ్యే విద్యార్థులకూ దారి వదిలారు. కూతురి కాన్పుకు పోవాల్సిన తల్లిదండ్రుల ఊసే అందులో లేదు.

జూన్‌లో మా పాప న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి శుభవార్త చెప్పింది. జనవరిలో కాన్పు. మా ఇద్దరికీ పదేళ్ల వీసా ఎప్పటినుంచో ఉంది. పాస్‌పోర్టులు చెల్లుబాటులో ఉన్నాయి. అయినా నంద్యాలలో కూర్చుని చేయగలిగింది ఏమీ లేదు. డబ్బున్నవాళ్లు కొందరు మెక్సికోకో సెర్బియాకో పోయి, పద్నాలుగు రోజులు హోటల్లో గడిపి, అక్కడినుంచి అమెరికా పోతున్నారని విన్నాం. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే మేము ముక్కూమొహం తెలియని దేశంలో రెండు వారాలు ఉండే సాహసం చేయలేం. మా పాపా ఒప్పుకోలేదు. "అమ్మా, నువ్వు రాకపోయినా ఫర్వాలేదు, క్షేమంగా ఉండండి చాలు" అంది. ఆ మాట విన్న రాత్రి మా ఆవిడ అన్నం తినలేదు.

మా వీధిలోనే ఇంకో ఇంటి కష్టం చూశాను. ఆ ఇంటి కొడుకు కువైట్‌లో డ్రైవర్. 2020 మొదట్లో సెలవుకు వచ్చి చిక్కుకుపోయాడు. ఆ ఏడు ఆగస్టు నుంచి కువైట్ మన దేశం నుంచి నేరుగా విమానాలు రానివ్వలేదు. దుబాయ్‌లో పద్నాలుగు రోజులు ఉండి పోయే దారి కొన్నాళ్లు తెరిచి ఉన్నా, అందుకయ్యే ఖర్చు అప్పు చేస్తే తప్ప పుట్టదు. 2021 ఫిబ్రవరిలో విదేశీయులకు ఆ దారీ మూసేశారు. టీకాలు వేసుకున్నవాళ్లను ఆగస్టు నుంచి రానిస్తామన్నారు, నేరుగా విమానాలు మళ్లీ సెప్టెంబర్‌లో గానీ మొదలుకాలేదు. కడప, కర్నూలు జిల్లాల్లో ఇట్లాంటి ఇళ్లు ఎన్నో. మాకు ఆలస్యమైతే పాప పక్కన ఉండలేకపోతాం. అతనికి ఆలస్యమైతే ఇల్లు గడవదు. ఆ తేడా నాకు తెలుసు. అందుకే మా కష్టాన్ని వీధిలో పెద్దది చేసి చెప్పుకోవడానికి మనసు రాలేదు.

సెప్టెంబర్ 20న వైట్‌హౌస్ కొత్త పద్ధతి ప్రకటించింది. దేశాలవారీ నిషేధాలు తీసేసి, టీకా రెండు డోసులూ వేసుకున్నవాళ్లను నవంబర్ నుంచి రానిస్తామని. అక్టోబర్ మధ్యలో తేదీ కూడా చెప్పారు, నవంబర్ 8. ఆ రోజు నుంచి మా ఇంట్లో కాగితాల పని మొదలైంది.

మొదటి చిక్కు టీకాదే. నాకు నంద్యాలలో వార్డు సచివాలయం దగ్గర కోవిషీల్డ్ వేశారు. మా ఆవిడ ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో వాళ్లమ్మకు బాగాలేక అక్కడ ఉంది. అక్కడ ఆ వారం వచ్చింది కోవాగ్జిన్. ఏ టీకా కావాలని ఎవరూ అడగలేదు, అడిగే రోజులు కావు అవి. మేలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. కోవాగ్జిన్ రెండో డోసుకు ఎక్కడ చూసినా కొరత. తెల్లవారుజామున పోయి వరుసలో నిలబడి, అయిపోయిందంటే వెనక్కి వచ్చి, మళ్లీ ఏఎన్ఎం అమ్మాయి కబురు పంపితే పోయి వేయించుకుంది. హైదరాబాద్ పక్క జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారు చేసిన టీకా అది. మనవాళ్లు కనిపెట్టిన టీకా అని మేమంతా గర్వపడ్డాం. కానీ అక్టోబర్ ముగుస్తున్నా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వాడకం జాబితాలో దాని పేరు చేరలేదు. అమెరికా తన సొంత టీకాలు కాక ఆ జాబితాలో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటానంది. అంటే నవంబర్ 8 తర్వాత నేను పోవచ్చు, కాన్పు చేయించాల్సిన తల్లి పోకూడదు.

"నువ్వే పోయి పురుడు పోయి" అంది నాతో. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ.

నవంబర్ 3న, దీపావళికి ముందు రోజు, కోవాగ్జిన్‌కు ఆ గుర్తింపు వచ్చింది. టీవీలో కింద ఎర్ర పట్టీ మీద ఆ వార్త పోతుంటే నేను బిగ్గరగా చదివాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, మళ్లీ పట్టీ తిరిగి వచ్చేదాకా నిలబడి, తనే చదువుకుని లోపలికి పోయింది. మరుసటి రోజు పండగ పండగలా జరిగింది.

టీకాకు గుర్తింపు వచ్చింది, కానీ టీకా సర్టిఫికెట్ మీద ఉన్న మనిషి ఆమే అని రుజువు కావాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. మన పేర్లు ఒక కాగితంలో ఉన్నట్టు ఇంకో కాగితంలో ఉండవు. మా ఆవిడకు ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, అదీ పుట్టింటి అక్షరం. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు పూర్తిగా విడిగా ఉంది. కోవిన్ సర్టిఫికెట్ ఆధార్ నుంచి పేరు తీసుకుంది. పుట్టిన తేదీ బదులు పుట్టిన సంవత్సరం మాత్రమే వేసింది. విదేశాలకు పోయేవాళ్ల కోసం పాస్‌పోర్టు నంబరు చేర్చుకునే వీలు జూన్‌లోనే ఇచ్చారు. సెప్టెంబర్ చివర్లో పూర్తి పుట్టిన తేదీతో ఇంకో రకం సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చన్నారు. కానీ పేరు మార్చుకునే అవకాశం ఒక్కసారే ఇచ్చారు. తప్పు అక్షరం కొట్టి సబ్మిట్ నొక్కితే మళ్లీ సరిదిద్దుకోలేం.

పైగా ఆ ఖాతాలోకి పోవాలంటే ఓటీపీ కావాలి. టీకా రోజున రాయించిన ఫోన్ నంబరు ఆళ్లగడ్డలో ఉన్న మా బావమరిదిది. అతను పొద్దున్నే పొలానికి పోతే సాయంత్రం గానీ దొరకడు. ఫోన్లో కుదిరే పని కాదని మేమే ఆళ్లగడ్డ పోయాం.

ఆ ఊళ్లోకి పోతుంటే రోడ్డు పక్కన రాళ్లు చెక్కే షెడ్లు కనబడతాయి. సగం తయారైన దేవుళ్లు, ముఖం ఇంకా తేలని వినాయకులు, రాతిపొడి కప్పుకున్న పనివాళ్లు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు అమెరికా గుళ్ల దాకా పోయాయి. మా బావమరిది ఇంటి పక్కన ఒక షెడ్డులో చెక్కపెట్టెలో కూర్చోబెట్టిన అమ్మవారి విగ్రహం ఉంది. చుట్టూ ఎండుగడ్డి దట్టించి, మూత ఇంకా వేయలేదు. ఓడల్లో కంటైనర్లు దొరక్క నెలల తరబడి ఆగిందని ఆ శిల్పి చెప్పాడు. "మీరన్నా విమానం ఎక్కుతారు సార్, ఈయమ్మ ఎప్పుడు పోతుందో" అన్నాడు. ఆ ఏడు ప్రపంచమంతా కంటైనర్ల కరువు నడిచింది.

రాత్రి భోజనాలయ్యాక బావమరిది ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. డిగ్రీ చదివే మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. పాస్‌పోర్టు చేత్తో పట్టుకుని నేను ఒక్కొక్క అక్షరం చదివాను, ఆ పిల్ల ఒక్కొక్కటి కొట్టింది. మధ్యలో ఓటీపీ గడువు అయిపోయింది. మళ్లీ మొదటినుంచి. ఇంటిపేరు ముందా వెనకా అన్న దగ్గర అందరం ఆగిపోయాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి పైన, పేరు గడి కింద ఉంటాయి. టికెట్ మీద ఇంటిపేరు ముందు పడుతుంది. సర్టిఫికెట్‌లో ఉన్నది ఒకే గడి. పాపకు ఫోన్ చేస్తే అక్కడ ఉదయం. "నాయనా, అక్షరాలు కలిస్తే చాలు, వరసకు ఏం కాదు. పేరు ముందు పెట్టండి" అంది. నొక్కే ముందు మేనకోడలు "అత్తా, చూసుకో" అని తెర అటు తిప్పింది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తన పేరు మీద వేలు పెట్టి చదువుకుంది.

పుట్టిన తేదీ సంగతి వేరు. ఆమె పాస్‌పోర్టులో జూలై 1. మా తరంలో ఎంతమందికో ఇదే తేదీ, లేకపోతే జూన్ 1. బడిలో చేర్చుకునే రోజున అయ్యవార్లు వయసు లెక్కగట్టి రాసిన తేదీలవి. ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసింది పంట కాలమో, పండగో, వానలు ఎక్కువ పడిన ఏడో. నేనూ టీచరుగా పని చేసినవాణ్నే కాబట్టి ఈ సంగతి బాగా తెలుసు. ఆ తేదీ నిజమా కాదా అన్నది ఇప్పుడు ఎవరికీ అక్కరలేదు. అన్ని కాగితాల్లో అదే తేదీ ఉండాలి, అంతే.

విమానం టికెట్ నవంబర్ మధ్యలో తీసుకున్నాం. 2020 మార్చి 23 నుంచి మన దేశంలో మామూలు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయి ఉన్నాయి. రెండు దేశాలు కుదుర్చుకున్న ఎయిర్ బబుల్ ఒప్పందాల కింద నడిచేవే దిక్కు. నవంబర్ 8 తర్వాత పెద్దవాళ్లంతా ఒక్కసారి బయల్దేరడంతో ధరలు చూస్తే గుండె జారింది. ఏజెంటు రెండు దారులు చూపించాడు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి నెవార్క్‌కు వేరే టికెట్ తీసుకుంటే కొంత మిగులుతుంది. రెండూ ఒకే పీఎన్ఆర్ మీద తీసుకుంటే ఎక్కువ. మా అల్లుడు మాత్రం ఒకే పీఎన్ఆర్ మీద పట్టుబట్టాడు. మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాని బాధ్యత వాళ్లదే, సామాను ఢిల్లీలో తీసి మళ్లీ వేసే పని ఉండదని అతని ఆలోచన. ఆ నిర్ణయం ఇంకో రకంగా కూడా మమ్మల్ని కాపాడుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

టికెట్ చేతికి వచ్చాక మా ఆవిడ అడిగింది ఒక్కటే. యాగంటి పోయి రావాలని.

కార్తీక మాసం ఆఖరి సోమవారం, నవంబర్ 29. జనం చేరకముందే చూసి వచ్చేయాలని చీకటితోనే బయల్దేరాం. పాణ్యం మీదుగా బనగానపల్లె. రోడ్డుకు రెండు వైపులా నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలు, తడిసిన బండలు పేర్చిన లారీలు. ఆ నెలంతా రాయలసీమలో కుండపోత వానలు. కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయి అప్పటికి పది రోజులే. బనగానపల్లె దాటాక ఎర్రమల కొండలు దగ్గరికి వస్తాయి. ఎర్రటి బండలు నిలువునా లేచి, వాటి ఒడిలో ఉమామహేశ్వరుడి గుడి.

పుష్కరిణిలో నీళ్లు కొండలోంచి వస్తాయి. రాతి నంది నోట్లోంచి సన్నగా, ఎండాకాలమైనా ఆగకుండా. ఆ తెల్లవారుజామున నీళ్ల మీద దీపాలు అప్పుడే వదులుతున్నారు. మాస్కులు కొందరికి మూతికి, కొందరికి గడ్డం కిందికి. మా ఆవిడ అందరికీ దూరంగా ఒక మూల మెట్టు మీద కూర్చుని దీపం వదిలింది. లోపల శివపార్వతులు ఒకే రాతిలో కొలువై ఉంటారు. శివలింగం బదులు ఇట్లా రూపంతో ఉండడమే ఇక్కడి ప్రత్యేకత. పాస్‌పోర్టులు రెండూ పసుపు గుడ్డలో చుట్టి తెచ్చింది. పూజారి వాటిని తీసుకుని స్వామి ముందు పెట్టి, కుంకుమ అంటకుండా జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. "ఈమధ్య శానామంది తెస్తుండారమ్మా, కువైట్‌కు పోయేటోళ్లు ఎక్కువ" అన్నాడు.

బయట బసవన్న. ఆయన పెరుగుతున్నాడని ఈ ప్రాంతంలో నమ్మనివాళ్లు ఉండరు. చుట్టూ ప్రదక్షిణ చేసేంత చోటు ఒకప్పుడు ఉండేదట, ఇప్పుడు మండపం స్తంభాల మధ్య ఇరుక్కుని ఉంటాడు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి చెప్పినట్టు జనం చెప్పుకుంటారు. ఆయన కొంతకాలం బనగానపల్లెలోనే ఉన్నారు. కరోనా వచ్చిన కొత్తలో ఆయన కాలజ్ఞానం పేరుతో వాట్సాప్‌లో ఎన్ని వచ్చాయో. పక్కన నిలబడ్డ ఒక ముసలమ్మ బసవన్న మెడ నిమురుతూ, "ఇంకా లేయలేదులే నాయనా, భయం లేదు" అంది నాతో. ఆమె ధైర్యం నాకు నచ్చింది.

వేంకటేశ్వరస్వామి గుహకు మెట్లు నిలువుగా ఉంటాయి. మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కాం. అగస్త్యుడు మొదట ఇక్కడ ప్రతిష్ఠించాలనుకున్నది ఈ వేంకటేశ్వరుణ్నేనని, విగ్రహం కాలి గోరు దగ్గర చిన్న లోపం కనబడడంతో ఆగిపోయాడని కథ. మా ఆవిడ ఆ పాదాల వైపు చాలాసేపు చూసి, "గోరంత లోపానికి దేవుడే బయట ఆగిపోయినాడు, మన కాగితాలు ఎంత" అంది. ఆ కథ చిన్నప్పటినుంచి విన్నా, నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు. అప్పటినుంచి ఇంట్లో ప్రతి కాగితం ఇద్దరం విడివిడిగా చదివాకే ఫైల్లో పెట్టాం.

మెట్లు దిగుతుంటే పాప ఫోన్. ఒమిక్రాన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు పెట్టి మూడు రోజులైంది. దక్షిణాఫ్రికా, దాని పక్క దేశాల నుంచి వచ్చేవాళ్లను అమెరికా ఆ సోమవారం నుంచే ఆపేసింది. మన దేశం డిసెంబర్ 15 నుంచి మామూలు విమానాలు తిరిగి మొదలుపెడతామన్న మాటను వారం తిరక్కుండా వెనక్కి తీసుకుంది. మే నెల మళ్లీ వస్తుందా అని గుబులు పట్టుకుంది.

డిసెంబర్ 3 పొద్దున తెలిసింది అసలు మార్పు. అప్పటిదాకా ప్రయాణానికి మూడు రోజుల ముందు కోవిడ్ పరీక్ష చేయించుకుంటే సరిపోయేది. డిసెంబర్ 6 నుంచి ఒక్క రోజు ముందే చేయించుకోవాలి, టీకా వేసుకున్నా సరే. మా ప్రయాణం ఆ తర్వాతి వారంలోనే.

ఇక్కడ నాకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మూడు రోజులు ఒక్క రోజు కావడం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చిన్న మార్పే. నంద్యాలలో ఉన్నవాళ్లకు మొత్తం ప్రయాణమే మారిపోతుంది. నంద్యాల నుంచి శంషాబాద్ రెండు వందల యాభై కిలోమీటర్ల పైమాటే. మా ఊళ్లో తీసిన శాంపిల్ కర్నూలుకో హైదరాబాద్‌కో పోయి ఫలితం రావాలి. మూడు రోజుల గడువులో నంద్యాలలోనే పరీక్ష చేయించుకుని, ఫలితం చూసుకుని, బాగుంటేనే కారెక్కే వీలుంది. ఒక్క రోజు గడువులో పెట్టెలతో సహా ముందే హైదరాబాద్ చేరాలి. ఎవరింట్లోనో దిగాలి. పరీక్షలో పాజిటివ్ వస్తే ఆ ఇంటివాళ్లనూ ప్రమాదంలో పెట్టినట్టే. విమానాశ్రయం గేటు పక్కనే ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని రాసిన నియమం అది. వైరస్ త్వరగా మారుతున్నప్పుడు గడువు తగ్గించడం వైద్యపరంగా సబబే, కాదనను. కానీ ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు దారి ఎట్లా అని మన వైపు నుంచి కూడా ఎవరూ ఆలోచించలేదు. పెద్ద ఆస్పత్రులు అక్కరలేదు, కర్నూలులో ఒక్క నమ్మకమైన త్వరిత పరీక్షా కేంద్రం ప్రయాణికుల కోసం తెరిచి ఉంటే ఎన్నో కుటుంబాలకు ఆ రాత్రుల ఆందోళన తప్పేది.

గడువు ఎప్పటినుంచి లెక్క అన్నది ఇంకో ప్రశ్న. మా అల్లుడు ఆ ఉత్తర్వును మొదటినుంచి చివరిదాకా చదివి ఫోన్లో వివరించాడు. ఇరవై నాలుగు గంటల లెక్క కాదట, తేదీ లెక్క. ప్రయాణం రోజుకు ముందు రోజు ఏ గంటలో శాంపిల్ ఇచ్చినా చెల్లుతుంది. విమానాలన్నీ ఒకే బుకింగ్‌లో ఉండి, మధ్యలో ఆగే సమయం ఇరవై నాలుగు గంటలు దాటకపోతే మొదటి విమానం తేదీ నుంచి లెక్క వేస్తారు. మేము హైదరాబాద్‌లో ఎక్కేది సాయంత్రం. ఢిల్లీలో నెవార్క్ విమానం కదిలేది అర్ధరాత్రి దాటాక, అంటే మరుసటి తేదీ. టికెట్లు విడివిడిగా ఉంటే ఢిల్లీ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. హైదరాబాద్ వదిలే రోజు పొద్దున శాంపిల్ ఇచ్చి, సాయంత్రం లోపు ఫలితం కోసం దేవుడికి దండం పెట్టుకోవాలి. ఒకే పీఎన్ఆర్ కాబట్టి మాకు ఒక రాత్రి కలిసి వచ్చింది. ఆ ఒక్క రాత్రి విలువ తర్వాత తెలిసింది.

బయల్దేరే ముందు రోజుల్లో ఎవరింటికీ పోలేదు. నా పాత విద్యార్థి పెళ్లికి పిలిస్తే ఫోన్లోనే ఆశీర్వదించాను. ఆ అబ్బాయి అర్థం చేసుకున్నాడు. "సార్, మీరు పోయిరండి, ఫొటోలు పంపిస్తాను" అన్నాడు.

కారులో కర్నూలు దాటి తుంగభద్ర వంతెన, ఆ తర్వాత పుల్లూరు టోల్‌గేటు. మేలో ఇక్కడే ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు పోతున్న అంబులెన్సులను ఆపేశారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకున్నాక వదిలారు. టోల్ దగ్గర కారు ఆగిన ఆ నిమిషంలో మా డ్రైవర్ ఆ సంగతే ఎత్తాడు. వాళ్ల పెదనాన్నను తీసుకుపోతూ తనూ ఆ వరుసలో ఉన్నాడట. ఆ తర్వాత జడ్చర్ల దాకా ఎవరం మాట్లాడలేదు.

ఎల్బీనగర్‌లో మా తోడల్లుడి ఇంట్లో మేడ మీది గది మాకోసం ఖాళీ చేసి పెట్టారు. భోజనం గది బయట స్టూలు మీద పెట్టి పోయేవారు. మరుసటి రోజు పొద్దున ల్యాబ్ కుర్రాడు ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకున్నాడు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫలితం వచ్చింది. ఇద్దరికీ నెగటివ్. మా ఆవిడ చేతులు జోడించింది. నేను రిపోర్టు పెద్దది చేసి చూశాను. పేరు సరిగా ఉంది. దాని పక్కన వయసు, స్త్రీ అని ఉంది. పుట్టిన తేదీ లేదు, పాస్‌పోర్టు నంబరూ లేదు.

అమెరికా నియమం ప్రకారం రిపోర్టులో పేరుతో పాటు మనిషిని గుర్తుపట్టే ఇంకో వివరం ఉండాలి, పుట్టిన తేదీ గానీ పాస్‌పోర్టు నంబరు గానీ. శాంపిల్ ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు జిరాక్స్ ఇచ్చాం, ఆ కుర్రాడు రాసుకున్నాడు కూడా. ల్యాబ్‌లో టైపు చేసేటప్పుడు వదిలేశారు. ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. పదకొండు దాటాక ఒకామె ఎత్తింది. పొద్దున్నే చేస్తామంది. నేను గొంతు పెంచలేదు. "అమ్మా, మా కూతురి కాన్పు, రేపు సాయంత్రమే విమానం" అని మాత్రం చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "పాస్‌పోర్టు ఫొటో పంపండి అంకుల్" అంది. అర్ధరాత్రి దాటాక సరిచేసిన రిపోర్టు వచ్చింది, కింద క్యూఆర్ కోడ్‌తో సహా. టికెట్లు విడివిడిగా ఉండి ఉంటే ఈ సరిదిద్దుకోవడానికి మాకు రాత్రి ఉండేది కాదు.

తెల్లారి గల్లీ చివర జిరాక్స్ షాపు తెరిచే వేళకు నేనే మొదట నిలబడ్డాను. రిపోర్టులు, టీకా సర్టిఫికెట్లు, టీకా వేసుకున్నామని సంతకం చేసి ఇచ్చే ధృవీకరణ పత్రం, అక్కడి చిరునామా, ఫోన్ నంబర్ల కాగితం, ఇన్సూరెన్స్, డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ. అన్నీ రెండేసి కాపీలు. ఆ షాపు అబ్బాయి రోజూ ఇట్లాంటివాళ్లను చూస్తున్నట్టున్నాడు, అడక్కుండానే క్యూఆర్ కోడ్ ఉన్న పేజీలు ముదురు సిరాతో తీసి ఇచ్చాడు. లేతగా వస్తే స్కాన్ కాదట.

శంషాబాద్‌లో కౌంటర్ దగ్గర ముందున్న కుటుంబాన్ని పక్కకు నిలబెట్టారు. వాళ్ల సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది. కొడుకు ఫోన్లో కోవిన్ తెరిచే ప్రయత్నం చేస్తున్నాడు, తల్లి ఎవరికో ఫోన్ చేసి ఓటీపీ చెప్పమని బతిమాలుతోంది. మా ఆవిడ ఆమె దగ్గరికి పోయి, పూర్తి తేదీ ఉన్న సర్టిఫికెట్ వేరే బటన్ కింద ఉంటుందని మా కాగితం చూపించి చెప్పింది. ఆళ్లగడ్డలో మేనకోడలు చూపిస్తే నేర్చుకున్నది అది. మా వంతు వచ్చినప్పుడు కౌంటర్ అమ్మాయి కాగితాలు ఒక్కొక్కటే చూసి, కోడ్ స్కాన్ చేసి, పుట్టిన తేదీ మీద పెన్నుతో చిన్న టిక్కు పెట్టింది. జూలై 1. చెకిన్ అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే ఆ కుటుంబం కూడా వరుసలోకి వచ్చింది.

ఢిల్లీలో అవే కాగితాలు మళ్లీ చూశారు. తర్వాత సుదీర్ఘ ప్రయాణం, మాస్కు తీయకుండా, భోజనం కూడా పక్కవాళ్లు తిన్నాక తిన్నాం. నెవార్క్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారి ఎన్నాళ్లుంటారు, ఎవరింటికి అని రెండు ప్రశ్నలు అడిగి ముద్ర వేశాడు. కోవిడ్ కాగితం ఒక్కటీ అడగలేదు. ఆ పరిశీలన అంతా విమాన సంస్థల మీదే పెట్టారని తర్వాత అల్లుడు చెప్పాడు. జనవరిలో మనవరాలు పుట్టింది. ఒమిక్రాన్ ఉధృతంగా ఉన్న రోజులవి. ఆస్పత్రిలోకి ఒక్కరినే రానిచ్చారు, అల్లుడు లోపల, మేమిద్దరం ఇంట్లో ఫోన్ ముందు. అయినా నాలుగో రోజు పిల్లకు నూనె రాసి నీళ్లు పోసింది మా ఆవిడే.

వేసవిలో తిరుగు ప్రయాణానికి ఎయిర్ సువిధ ఫారం నింపుతూ చిరునామా దగ్గర ఆగాను. మేము పోయేటప్పుడు మాది కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. పాస్‌పోర్టులో ఉన్నట్టే కర్నూలు అని రాశాను, కాగితాలు కలవాలి కదా.

ఇంటికి చేరిన కొన్నాళ్లకే, జూన్ 12 నుంచి అమెరికా ఆ పరీక్ష నియమం ఎత్తేసింది. టీకా నియమం మాత్రం 2023 మే దాకా ఉంది. మధ్యలో కోవెలకుంట్ల నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకూ కోడలి కాన్పు. పరీక్ష లేదు కాబట్టి ఇక ఇబ్బంది లేదు కదా సార్ అన్నాడు. మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, టీకా వేసుకున్న రోజు రాయించిన ఫోన్ నంబరు ఎవరిదో ముందు కనుక్కోమని చెప్పింది.